24 గంటల కడుపునొప్పి: ఆపరేషనా, మందులా? ఏ దవాఖానకు, ఏ సర్జన్ దగ్గరికి?

అపెండిక్స్ వాచిందని తెలిసిన కుటుంబాన్ని ఒకేసారి రెండు భయాలు పట్టుకుంటాయి. ఆలస్యమైతే లోపల పగిలిపోతుందేమోనన్నది మొదటిది, అవసరం లేకపోయినా డబ్బు కోసం కోసేస్తారేమోనన్నది రెండవది. రెండింటికీ ఆధారం ఉన్నది. కానీ ఒకే రోగి విషయంలో రెండూ ఒకేసారి నిజం కావడం అరుదు. నిన్న రాత్రి మొదలైన నొప్పితో జ్వరం, వాంతులు ఉన్న మనిషిని ఇంట్లో పడుకోబెట్టి, మంచి సర్జన్ ఎవరని చుట్టాలందరికీ ఫోన్లు చేస్తూ కూర్చోవడం ప్రమాదకరం. ఆరు నెలలుగా వస్తూ పోతూ ఉన్న కడుపునొప్పికి ఒక్క స్కానింగ్ చూపించి రేపు ఉదయమే ఆపరేషన్ అంటే సరేనని తలూపడం కూడా అంతే పొరపాటు. కాబట్టి తీసుకోవలసిన నిర్ణయాలకు ఒక వరుస ఉన్నది: జబ్బు ఏ దశలో ఉన్నదో ముందు తేలాలి, ఆ దశను బట్టి చికిత్స, చికిత్సను బట్టి దవాఖాన, ఆ తరువాతనే సర్జన్ పేరు. మన ఉత్తర తెలంగాణలో చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, పేరుతో మొదలుపెడతారు.

జబ్బు ఏ దశలో ఉన్నది

చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే చోట, పొట్టకు కుడివైపు కింది భాగాన, చిటికెన వేలంత సన్నగా వేలాడే గొట్టమే అపెండిక్స్. దీని పొడవు చాలామందిలో 6 నుంచి 9 సెంటీమీటర్లు ఉంటుంది. ఒక కొస మూసుకుపోయి ఉండే ఈ గొట్టం మూతికి గట్టిపడిన మలపు ఉండ గానీ, ఇన్‌ఫెక్షన్ వల్ల ఉబ్బిన గోడ గానీ అడ్డుపడితే లోపలి స్రావం బయటికి రాలేక ఒత్తిడి పెరుగుతుంది, సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి, గోడకు రక్తం అందక కుళ్లి చివరికి చిల్లు పడుతుంది. జామ గింజలు, టమాటా గింజలు ఇరుక్కోవడం వల్లనే ఇది వస్తుందని ఇళ్లలో పిల్లలను బెదిరిస్తారు గానీ, గింజల వల్ల రావడం చాలా అరుదు. 10 నుంచి 30 ఏళ్ల మధ్య ఎక్కువగా కనిపించినా ఏ వయసులోనైనా రావచ్చు.

నొప్పి మొదట బొడ్డు చుట్టూ, ఎక్కడ అని వేలు పెట్టి చూపలేని విధంగా మొదలవుతుంది. సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో కుడివైపు కిందికి దిగి ఒకచోట నిలబడుతుంది. ఆకలి పూర్తిగా పోతుంది, నొప్పి మొదలైన తరువాత ఒకటి రెండు వాంతులు అవుతాయి, కొద్దిపాటి జ్వరం వస్తుంది. దగ్గినప్పుడు, ఆటో స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరినప్పుడు అక్కడ పొడిచినట్లుంటుంది. ఈ లక్షణాలకు, డాక్టరు చేతితో నొక్కి చూసినప్పుడు తెలిసేవాటికి, రక్తపరీక్షలో తెల్లకణాల సంఖ్యకు కలిపి 10 మార్కులు వేసే ఆల్వరాడో స్కోరు 1986 నుంచి వాడుకలో ఉన్నది. 7 లేదా అంతకు మించి వస్తే అపెండిసైటిస్ అయ్యే అవకాశం ఎక్కువ, 4 లేదా అంతకన్నా తక్కువ వస్తే అవకాశం తక్కువ. అల్ట్రాసౌండ్‌లో గొట్టం 6 మిల్లీమీటర్లకు మించి లావై, నొక్కినా అణగకుండా ఉంటే అనుమానం బలపడుతుంది. అయితే గ్యాస్ నిండిన పొట్టలోనూ స్థూలకాయుల్లోనూ అల్ట్రాసౌండ్‌కు అపెండిక్స్ దొరకకపోవచ్చు కనుక, 'కనబడలేదు' అన్న రిపోర్టును 'జబ్బు లేదు' అని చదువుకోకూడదు. సీటీ స్కాన్ దానికన్నా ఎంతో ఖచ్చితమైనది. పగిలిందా, చీము గూడు కట్టిందా, లోపల గట్టి ఉండ ఉన్నదా అన్న మూడు కీలకమైన ప్రశ్నలకు చాలావరకు అదే జవాబు చెబుతుంది. పిల్లలకు రేడియేషన్ తగ్గించడానికి, గర్భిణులకు దానిని తప్పించడానికి ముందు అల్ట్రాసౌండ్, తేలకపోతే వీలున్న చోట ఎంఆర్‌ఐ చేస్తారు.

కుడివైపు నొప్పి అంతా అపెండిక్స్ కాదు. నడుము నుంచి గజ్జల్లోకి పాకే కిడ్నీ రాయి నొప్పి, టైఫాయిడ్, పిల్లల్లో వైరస్ జ్వరాలతో పేగుల దగ్గరి గ్రంథులు వాచడం, మన దేశంలో మరచిపోకూడని పేగుల క్షయ, స్త్రీలలో అండాశయం మెలిపడడం, గర్భసంచికి బయట గర్భం నిలవడం ఇవన్నీ అదే చోట నొప్పి తెప్పిస్తాయి. అందుకే గర్భం దాల్చే వయసులో ఉన్న ప్రతి స్త్రీకీ, పెళ్లయిందా లేదా అన్న విచారణ లేకుండా, మూత్రంతో గర్భ పరీక్ష చేయడం వైద్య నియమం. అడిగిన డాక్టరు మీద ఇంటివాళ్లు కోపగించుకున్న సందర్భాలు మన ప్రాంతంలో కొత్త కాదు గానీ, ఆ పరీక్షను వదిలేసిన డాక్టరు మీదనే నిజానికి కోపం రావాలి.

ఇంట్లో ఉన్నంతసేపూ చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఆముదం తాగించడం, ఎనిమా ఇవ్వడం, పొట్ట తోమించడం వాచిన గొట్టం పగలడానికి దారితీయవచ్చు. అనుమానం వచ్చిన క్షణం నుంచి అన్నం, నీళ్లు, చాయ్ ఆపేయాలి, ఎందుకంటే మత్తు ఇచ్చేటప్పుడు కడుపు ఖాళీగా ఉండాలి. గ్యాస్ అనో, వేడి చేసిందనో ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చే ఇంజక్షన్ల గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నొప్పి తగ్గించే మందు రోగ నిర్ధారణను చెడగొట్టదని, దవాఖానలో పరీక్షకు ముందు ఇచ్చినా నష్టం లేదని ఇప్పుడు వైద్యులు అంగీకరిస్తున్నారు. నష్టం చేసేది మందు కాదు, నొప్పి తగ్గిందని ఇంట్లోనే గడిపే ఆ తరువాతి రెండు రోజులు. నొప్పి ఉన్నట్టుండి తేలికైపోయి, కొన్ని గంటలకు పొట్టంతా చెక్కలా గట్టిపడి జ్వరం పెరిగితే అది నయం కావడం కాదు, అపెండిక్స్ పగిలిన గుర్తు కావచ్చు.

మందులతో ఆగవచ్చా

ఆపరేషన్ లేకుండా యాంటీబయాటిక్స్‌తోనే నయం చేయవచ్చా అన్న ప్రశ్నకు ఇప్పుడు గట్టి అధ్యయనాల ఆధారంగా జవాబు చెప్పగలం. ఫిన్లాండ్‌లో సీటీ స్కాన్‌తో నిర్ధారించిన, పగలని, గట్టి ఉండ లేని అపెండిసైటిస్ ఉన్న పెద్దవాళ్ల మీద ఒక అధ్యయనం జరిగింది. 2015లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం యాంటీబయాటిక్స్ మాత్రమే తీసుకున్నవారిలో 27 శాతం మందికి ఏడాదిలోపే ఆపరేషన్ చేయవలసి వచ్చింది, ఐదేళ్లు గడిచేసరికి జబ్బు తిరగబెట్టినవారు 39 శాతానికి చేరారు. అమెరికాలో 1,552 మందితో జరిగి 2020లో వెలువడిన కోడా అధ్యయనంలో మందుల వర్గంలోని 29 శాతం మందికి 90 రోజుల్లోనే ఆపరేషన్ అయింది. స్కాన్‌లో గట్టి ఉండ కనిపించినవారిలో ఈ సంఖ్య 41 శాతం, కనిపించనివారిలో 25 శాతం.

ఈ అంకెలను రెండు విధాలుగా చదవవచ్చు. ప్రతి పదిమందిలో ఆరుగురు ఐదేళ్ల వరకు కత్తి పడకుండానే గడిపారన్నది ఒక చదువు. మిగిలిన నలుగురు జబ్బును రెండోసారి భరించి, దవాఖానలో రెండోసారి చేరారన్నది మరొకటి. ఏది ముఖ్యమో రోగి పరిస్థితి నిర్ణయిస్తుంది. గుండె జబ్బు వల్ల మత్తు ప్రమాదకరమైనవారికి, మూడు రోజుల్లో ముఖ్యమైన పరీక్ష రాయవలసిన విద్యార్థికి, ఆపరేషన్ అంటే ఒప్పుకోలేనంత భయం ఉన్నవారికి మందుల దారి సబబైనదే. కానీ ఆ అధ్యయనాల్లోని రోగులను సీటీ స్కాన్‌తో ఏరి, దవాఖానలో కనిపెట్టి చూశారని, మళ్లీ నొప్పి వచ్చిన వెంటనే చేరే సౌకర్యం వారికి ఉండేదని గుర్తుంచుకోవాలి. సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే ఏటూరునాగారం రైతుకూ, హనుమకొండ నడిబొడ్డున ఉండే ఉద్యోగికీ నొప్పి తిరగబెట్టడం ఒకేలా ఉండదు. వానాకాలంలో వాగులు పొంగి దారులు తెగే ఏజెన్సీ గ్రామాలవారికి, మలపు ఉండ ఉన్నవారికి, గర్భిణులకు నేను మందుల దారిని సలహా ఇవ్వను. మందులతోనే ఆగుదామనుకున్నవారు కూడా మొదటి మోతాదులు దవాఖానలో నరం ద్వారా తీసుకుని, 24 నుంచి 48 గంటల్లో తగ్గుముఖం పట్టకపోతే ఆపరేషన్‌కు సిద్ధపడాలి. మందుల దుకాణంలో నాలుగు మాత్రలు కొనుక్కుని ఇంటికి పోవడాన్ని ఈ అధ్యయనాలేవీ సమర్థించలేదు.

నాలుగైదు రోజులు ఆలస్యంగా వచ్చినవారిలో పేగులు, పొట్టలోని కొవ్వుపొర అపెండిక్స్ చుట్టూ అతుక్కుని గడ్డ కట్టి ఉంటుంది. రోగి నిలకడగా ఉంటే, అప్పుడు వెంటనే కోయకపోవడమే చాలా సందర్భాల్లో తెలివైన పని. ఆ అతుకుల్లో చేతులు పెడితే పేగుకు గాయమై, చిన్న ఆపరేషన్ కాస్తా పేగు ముక్కనే తీసివేసే పెద్ద ఆపరేషన్ కావచ్చు. యాంటీబయాటిక్స్ ఇచ్చి, చీము ఉంటే స్కాన్ చూస్తూ సూదితోనో గొట్టంతోనో బయటికి తీసి, అవసరమనుకుంటే 6 నుంచి 8 వారాల తరువాత అపెండిక్స్ తీస్తారు. 'ఇప్పుడు కోయను, ఆరు వారాలకు రండి' అన్న సర్జన్‌ను చేతకానివాడని వదిలేసి, ఈ రాత్రే చేస్తానన్న మరొకరి దగ్గరికి పరుగెత్తడం మన కుటుంబాలు తరచుగా చేసే పని. ఇలా గడ్డ కట్టిన రోగికి 40 ఏళ్లు దాటి ఉంటే పెద్దపేగు క్యాన్సర్ లేదని నిర్ధారించుకోవడానికి కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు పరీక్ష, చేయించుకోవాలి.

ఇక నెలల తరబడి అప్పుడప్పుడు వచ్చే నొప్పి సంగతి. స్కానింగ్ రిపోర్టులో 'మైల్డ్ అపెండిసైటిస్' అన్న ఒక్క వాక్యం ఉండి, జ్వరం లేక, తెల్లకణాలు మామూలుగా ఉండి, నొక్కితే పెద్దగా నొప్పి లేకపోతే తొందర ఏమీ లేదు. వేరే సర్జన్ చేత, ఆయనకు మొదటి డాక్టరుతో గానీ, తీసుకొచ్చిన మధ్యవర్తితో గానీ సంబంధం లేకుండా చూసుకుని, రెండో అభిప్రాయం తీసుకోవాలి. రోగిని పంపినందుకు కమీషన్ ముట్టే పద్ధతి మన జిల్లాల్లో ఉన్నదన్నది ఎవరికీ తెలియని రహస్యం కాదు. దాని బరువు అంతా ఇలాంటి అనుమానపు కేసుల మీదనే పడుతుంది.

తెరిచి చేయడమా, లాపరోస్కోపీయా

తెరిచి చేసే పద్ధతిలో కుడివైపు కింద కొన్ని సెంటీమీటర్ల గాటు పెట్టి, కండరాలను విడదీసి, అపెండిక్స్‌ను మొదలంట కట్టి కోస్తారు. నొక్కితే అన్నిటికన్నా ఎక్కువ నొప్పి ఉండే, గాటుకు గుర్తుగా వాడే బిందువును అమెరికన్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ 1889లో వర్ణించారు. లాపరోస్కోపీలో బొడ్డు దగ్గర ఒకటి, కింద మరో రెండు చిన్న రంధ్రాలు పెట్టి, పొట్టను కార్బన్ డై ఆక్సైడ్ వాయువుతో ఉబ్బించి, కెమెరాతో చూస్తూ అదే పని చేస్తారు. దీనిని 1980లో మొదట చేసిన జర్మన్ వైద్యుడు కుర్ట్ సెమ్ సర్జన్ కాదు, స్త్రీవ్యాధి నిపుణుడు. సొంత దేశపు సర్జన్లే ఆయనను తీవ్రంగా విమర్శించారు.

లాపరోస్కోపీలో గాయం చీము పట్టడం తక్కువ, నొప్పి తక్కువ, పనిలోకి తిరిగి వెళ్లడం త్వరగా సాధ్యమవుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అపెండిక్స్ బాగుండి నొప్పికి కారణం మరొకటైతే పొట్ట అంతా తిప్పి చూసే వీలుంటుంది. అందుకే గర్భం దాల్చే వయసులోని స్త్రీలకు, స్థూలకాయులకు, నిర్ధారణ మీద సందేహం మిగిలినవారికి ఇది స్పష్టంగా మెరుగైనది. ఇబ్బంది ఎక్కడంటే దీనికి పూర్తి మత్తు కావాలి, పరికరాలు కావాలి, వాటితో చేయి తిరిగిన సర్జన్ కావాలి. తెరిచి చేసేదానిని వెన్నుకు ఇచ్చే మత్తుతో కూడా చేయవచ్చు కనుక, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్న వృద్ధులకు అదే మేలు కావచ్చు. పగిలిన అపెండిక్స్‌లో లాపరోస్కోపీ తరువాత పొట్ట లోపల చీము గూళ్లు కొంచెం ఎక్కువని పాత అధ్యయనాలు చూపినా, అనుభవం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతూ వచ్చింది.

నా అభిప్రాయంలో, సన్నగా ఉన్న పాతికేళ్ల యువకుడికి, పగలని అపెండిక్స్‌కు, ఈ రెండింటి మధ్య తేడా ప్రకటన బోర్డులు చెప్పేంత పెద్దది కాదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీకి మాత్రం తేడా తెలుస్తుంది. లాపరోస్కోపీ తరువాత రెండు మూడు వారాల్లో బరువు పనికి వెళ్లగలిగిన మనిషికి, తెరిచి చేస్తే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగవలసి వస్తుంది, అన్ని రోజులూ కూలి పోతుంది. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగికి మొదటిదానిలో ఒక వారం, రెండోదానిలో రెండు వారాల దాకా పడుతుంది. కాబట్టి ఖర్చులు పోల్చేటప్పుడు దవాఖాన బిల్లుతోపాటు పోయే కూలిని కూడా లెక్కలో వేసుకోవాలి.

లాపరోస్కోపీ మొదలుపెట్టి మధ్యలో తెరిచి చేయవలసి వస్తే దానిని వైఫల్యం అనుకోకూడదు. అతుకులు, రక్తస్రావం, కుళ్లిన మొదలు కనిపించినప్పుడు మొండిగా రంధ్రాల్లోంచే చేసేవాడికన్నా ఆగి పొట్ట తెరిచేవాడే మంచి సర్జన్. ఒప్పంద పత్రం మీద సంతకం చేసే ముందు, అలా మారితే బిల్లు ఎంత మారుతుందో అడిగి రాయించుకోవడం మేలు. అపెండిక్స్ మొదలును మూయడానికి దారపు ఉచ్చులు, క్లిప్పులు, స్టేప్లర్ వాడతారు. మామూలు కేసులకు మొదటి రెండూ సరిపోతాయి. స్టేప్లర్ ఖరీదైనది, మొదలు కూడా కుళ్లినప్పుడు నిజంగా పనికివస్తుంది. బిల్లులో అది కనిపిస్తే ఎందుకు వాడారని అడిగే హక్కు మీకు ఉన్నది.

ఏ దవాఖానకు వెళ్లాలి

పగలని అపెండిక్స్‌తో, నిలకడగా ఉన్న రోగికి కావలసింది పెద్ద పేరున్న దవాఖాన కాదు. సర్జన్, మత్తు డాక్టరు, పనిచేసే ఆపరేషన్ థియేటర్ ఈ మూడూ ఈ రాత్రికి ఒకేచోట దొరికే అతి దగ్గరి దవాఖాన సరిపోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ ఆపరేషన్ జరగదు, అక్కడి నుంచి చీటీ రాయించుకుని బయలుదేరడమే. ఏరియా ఆసుపత్రుల్లో పగలు సర్జన్ ఉన్నా రాత్రి మత్తు డాక్టరు ఉంటారో లేదో ముందుగా ఫోన్ చేసి తెలుసుకోవాలి. గత కొన్నేళ్లలో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ, నర్సంపేట, ఇటు కరీంనగర్, జగిత్యాల, రామగుండం, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ వరకు ప్రభుత్వ వైద్య కళాశాలలు రావడంతో వాటికి అనుబంధంగా జనరల్ ఆసుపత్రులు ఏర్పడ్డాయి. ఆదిలాబాద్‌లో రిమ్స్ అనే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి అంతకుముందే ఉన్నది. ఒకప్పుడు ప్రతి అపెండిక్స్‌కూ వరంగల్ రావలసిన అవసరం ఉండేది, ఇప్పుడు చాలావరకు లేదు.

1959లో ప్రారంభమైన కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధమైన వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ దవాఖాన ఉత్తర తెలంగాణకు పెద్దదిక్కు. వెయ్యి పడకల ఈ దవాఖానలో 24 గంటలూ సర్జరీ యూనిట్లు వంతులవారీగా పనిచేస్తాయి, రక్తనిధి, ఐసీయూ ఉంటాయి. అపెండిక్స్ పగిలి పొట్టంతా చీము పట్టిన రోగికి, బీపీ పడిపోయిన రోగికి, షుగరో కిడ్నీ జబ్బో కలిసి ఉన్న రోగికి చిన్న నర్సింగ్ హోం కన్నా ఇలాంటి చోటు ఎంతో సురక్షితం, ఎందుకంటే ఆ రోగి ప్రాణం ఆపరేషన్ తరువాతి మూడు రోజుల సంరక్షణ మీద ఆధారపడుతుంది. ఇబ్బందులు కూడా అందరికీ తెలిసినవే: రద్దీ, వార్డులో ఒకరి పక్కన ఒకరు, థియేటర్ కోసం నిరీక్షణ, పగలని కేసు కన్నా ముందు ప్రమాదాల్లో గాయపడినవారిని తీసుకోవడం. ఆ నిరీక్షణ గురించి ఒక ఊరట ఉన్నది. ఫిన్లాండ్, నార్వేలలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, పగలని అపెండిసైటిస్‌కు 8 గంటల్లోపు ఆపరేషన్ చేసినా 24 గంటల్లోపు చేసినా పగిలే ప్రమాదంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. దవాఖానలో యాంటీబయాటిక్స్ ఎక్కుతూ, డాక్టర్ల కనుసన్నల్లో ఆగడం వేరు, ఇంట్లో ఆగడం వేరు. పీజీ విద్యార్థులు చేస్తారన్న భయం కూడా పెద్దగా అవసరం లేదు. వారు సీనియర్ల పర్యవేక్షణలోనే చేస్తారు, రాత్రిపూట అపెండిక్స్‌లు చేయడంలో వారికున్నంత అలవాటు చాలామంది ప్రైవేటు డాక్టర్లకు ఉండదు.

హనుమకొండ, వరంగల్, కరీంనగర్, మంచిర్యాల పట్టణాల్లోని ప్రైవేటు దవాఖానల్లో లాపరోస్కోపీ సులభంగా దొరుకుతుంది, గది శుభ్రంగా ఉంటుంది, చెప్పిన సమయానికి పని జరుగుతుంది. వీటిలో ఐసీయూతో నడిచే వంద పడకలవీ ఉన్నాయి, ఒకే డాక్టరు పగలంతా చూసుకుని రాత్రి ఇంటికి వెళ్లిపోయేవీ ఉన్నాయి. బయటి అద్దాలు చూసి ఈ తేడా చెప్పలేం. రాత్రి డ్యూటీలో ఎంబీబీఎస్ డాక్టరు ఉంటారా, మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తారు, పరిస్థితి విషమిస్తే ఎక్కడికి పంపుతారు అన్న మూడు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు వచ్చే చోట చేరవచ్చు.

మామూలు అపెండిక్స్ కోసం సుమారు 150 కిలోమీటర్ల దూరం అంబులెన్సులో హైదరాబాదు వెళ్లడం నాకు అర్థం కాని అలవాటు. అక్కడికి చేరి, మళ్లీ పరీక్షలన్నీ చేయించుకునేలోపు ఇక్కడ ఆపరేషన్ అయిపోతుంది. అరుదైన గుండె జబ్బు ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకుని అక్కడి డాక్టర్ల సంరక్షణలో ఉన్నవారు వెళ్లడంలో అర్థం ఉన్నది.

డబ్బు విషయానికి వస్తే, 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచింది. అయితే పథకంలో ఉన్న ప్రతి దవాఖానలో ప్రతి ఆపరేషన్‌కూ అనుమతి ఉండదు. కాబట్టి చేరే ముందే 104కు ఫోన్ చేసి గానీ, దవాఖానలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడిగి గానీ తేల్చుకోవాలి. అడ్వాన్సు కట్టి, ఆపరేషన్ అయిన తరువాత కార్డు చూపిస్తే పని జరగడం కష్టం. పథకం కింద చేరినవారి దగ్గర విడిగా డబ్బు అడిగితే, రసీదు లేకుండా ఇవ్వకుండా ఆరోగ్యమిత్రకు చెప్పాలి. సింగరేణి కార్మికులకు కంపెనీ ఏరియా ఆసుపత్రులు, ఈఎస్‌ఐ వర్తించేవారికి ఆ దవాఖానలు ఉన్నాయి. సొంత బీమా ఉన్నవారు గది అద్దె పరిమితి చూసుకోవాలి. పరిమితి దాటిన గదిలో చేరితే అద్దెలో తేడా మాత్రమే కాదు, మొత్తం బిల్లులోనే కోత పెట్టే పాలసీలు చాలా ఉన్నాయి.

సర్జన్‌ను ఎలా అంచనా వేయాలి

అపెండిక్స్ తీయడం జనరల్ సర్జన్ నేర్చుకునే తొలి ఆపరేషన్లలో ఒకటి. కాబట్టి దీనికి 'అపెండిక్స్ స్పెషలిస్టు' అంటూ ఎవరూ లేరు, వెతకనవసరం లేదు. ఎంఎస్ లేదా డీఎన్‌బీ జనరల్ సర్జరీ చదివి, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉంటే కనీస అర్హత ఉన్నట్లే. ఎఫ్‌ఎంఏఎస్, ఎఫ్‌ఐఏజీఈఎస్ వంటివి లాపరోస్కోపీలో అదనపు శిక్షణను సూచిస్తాయి గానీ, అవి లేనంత మాత్రాన చేయి తిరగలేదని కాదు. చిన్న పిల్లలకు దొరికితే పీడియాట్రిక్ సర్జన్ మేలు. ఐదేళ్లలోపు పిల్లల్లో లక్షణాలు స్పష్టంగా ఉండవు, అపెండిక్స్ త్వరగా పగులుతుంది. గర్భిణి అయితే ప్రసూతి వైద్యురాలు కూడా అందుబాటులో ఉండే దవాఖాననే ఎంచుకోవాలి. గర్భంతో ఆపరేషనా అని వాయిదా వేయడం తల్లికీ బిడ్డకూ ముప్పు, పగిలితే గర్భం పోయే ప్రమాదం బాగా పెరుగుతుంది.

డిగ్రీలకన్నా ఎక్కువ చెప్పేది ఆయన మిమ్మల్ని చూసే తీరు. రిపోర్టు చదివి సరిపెట్టకుండా తానే పొట్ట నొక్కి చూశారా? పగిలిందా, గట్టి ఉండ ఉన్నదా, గడ్డ కట్టిందా అన్నది విడమరచి చెప్పారా? మందుల దారి ఒకటి ఉన్నదని, అది మీకు ఎందుకు సరిపోతుందో లేదా సరిపోదో వివరించారా? లాపరోస్కోపీ ఏడాదిలో సుమారు ఎన్ని చేస్తారని అడిగితే విసుక్కున్నారా? తీసిన ముక్కను బయాప్సీకి పంపుతానన్నారా? ఈ ప్రశ్నలకు నిదానంగా జవాబు చెప్పిన ఏరియా ఆసుపత్రి సర్జన్, సంతకం చేయండి అని కాగితం తోసిన కార్పొరేట్ సర్జన్ కన్నా నమ్మదగినవాడు. ఫలానా వారికి బాగా చేశాడన్న చుట్టాల మాటకు కొంత విలువ ఉన్నది. కానీ అపెండిక్స్ ఆపరేషన్లు ఎక్కువ భాగం ఎవరు చేసినా బాగానే జరుగుతాయి కనుక, ఆ మాట సర్జన్ నైపుణ్యం గురించి చెప్పేది తక్కువ. చిక్కు వచ్చినప్పుడు ఫోన్ ఎత్తాడా, అర్ధరాత్రి వచ్చి చూశాడా అన్నది అడిగి తెలుసుకోవడం ఎక్కువ ఉపయోగం.

ఆపరేషన్ తరువాత

మామూలు కేసులో లాపరోస్కోపీ అయితే ఒకటి రెండు రోజుల్లో, తెరిచి చేస్తే రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు. పగిలినదైతే వారం దాకా పట్టవచ్చు. అదే రోజో మరునాడో లేచి నడవాలి. వాయువు వల్ల భుజం నొప్పి రెండు మూడు రోజులు ఉండడం సహజం. పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకంతో వారాల తరబడి చారు అన్నంతో సరిపెట్టడం మన ఇళ్లలో ఇంకా ఉన్నది. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు పప్పులోనూ గుడ్డులోనూ ఉన్నాయి కనుక, పేగులు కదిలి మామూలు ఆహారం తినవచ్చని డాక్టరు చెప్పిన తరువాత ఆ పత్యానికి అర్థం లేదు.

ఇంటికి వచ్చిన నాలుగైదు రోజుల నుంచి పది రోజుల మధ్య మళ్లీ జ్వరం, చలి, పొట్ట ఉబ్బరం, మాటిమాటికీ కొద్దికొద్దిగా విరేచనం, గాయం నుంచి చీము కనిపిస్తే లోపల చీము గూడు కట్టిందేమోనని అనుమానించి, ఆపరేషన్ చేసిన చోటికే ముందు వెళ్లాలి, ఎందుకంటే లోపల ఏం కనిపించిందో వారికే తెలుసు. డిశ్చార్జి కాగితంలో అపెండిక్స్ ఎలా ఉన్నది, పగిలిందా, ఏ పద్ధతిలో చేశారు అన్నవి రాసి ఉండేలా అడిగి రాయించుకోవాలి. బయాప్సీ రిపోర్టు సాధారణంగా డిశ్చార్జి తరువాతనే వస్తుంది, తీసుకోవడానికి ఎవరూ తిరిగి వెళ్లరు. చాలా అరుదుగా, వందలో ఒకరికన్నా తక్కువ మందిలో, ఆ ముక్కలో కార్సినాయిడ్ అనే చిన్న కణితి బయటపడుతుంది. ఎక్కువమందికి అపెండిక్స్ తీయడంతోనే దాని చికిత్స కూడా పూర్తయిపోతుంది గానీ, కణితి 2 సెంటీమీటర్లు దాటితే మరో ఆపరేషన్ అవసరం కావచ్చు. కాబట్టి కుట్లు చూపించుకోవడానికి వెళ్లిన రోజునే రిపోర్టు అడిగి, డాక్టరు చేత చదివించి, స్కాన్ ఫిల్ములతోపాటు ఇంట్లో భద్రపరచాలి.